పట్టా ముందా, పని ముందా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం రోజులూ తెలుగు ఇళ్లలో నడిచే చర్చ దాదాపు ఒకే తీరుగా ఉంటుంది. ఎంపీసీయా బైపీసీయా, ఏ కాలేజీ, హాస్టలా డే స్కాలరా అన్న దగ్గర మొదలై ఎంట్రన్స్ ర్యాంకు దగ్గర ఆగుతుంది. పాలిటెక్నిక్ పేరు ఎవరైనా ఎత్తినా అది రెండో మాటగానే మిగిలిపోతుంది. ఐటీఐ పేరైతే మార్కులు బాగా తగ్గినప్పుడు తప్ప వినపడదు. బాగా చదివేవాడికి పట్టా, చదవలేనివాడికి పని అన్న లెక్క మనలో అంతగా పాతుకుపోయింది. ఆ లెక్కను ఇప్పుడు మళ్లీ వేసుకోవాలి. డిగ్రీ వద్దని కాదు. డాక్టరో, లాయరో, టీచరో, పరిశోధకుడో కావాలని గట్టిగా అనుకునే పిల్లలకు డిగ్రీ తప్పనిసరి. వాళ్లు నిశ్చింతగా ఆ దారినే వెళ్లాలి. ఏ చదువు ఎందుకో తెలియకుండా, అందరూ చేరుతున్నారని చేరే సగటు విద్యార్థి సంగతి వేరు. అలాంటివారికి ముందు పని, ఆ తర్వాత పట్టా అన్న వరుసే మేలు. ఎందుకంటే పని నేర్చినవాడికి పట్టా తలుపు మూసుకుపోదు. పట్టా పుచ్చుకున్నాక పని నేర్చుకోవడం మాత్రం చాలా కష్టమవుతుంది.

ముందుగా ఒక లెక్క చూద్దాం. అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఢిల్లీలోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ హ్యూమన్ డెవలప్‌మెంట్ కలిసి 2024 మార్చిలో భారత ఉపాధి నివేదికను విడుదల చేశాయి. అందులోని 2022 నాటి అంకెల ప్రకారం చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం, డిగ్రీ, అంతకు మించి చదివిన యువతలో 29.1 శాతం. ఈ రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చదువు వల్లే ఉద్యోగాలు పోతున్నాయనడం తప్పు. అక్షరం రానివాడికి ఖాళీగా కూర్చునే స్తోమత ఉండదు. దొరికిన కూలికి వెళ్తాడు, దాంతో సర్వే లెక్కలో అతను నిరుద్యోగి కాడు. పట్టా ఉన్నవాడు తన చదువుకు తగ్గ కొలువు కోసం చూస్తాడు, అంతవరకూ ఇల్లు అతన్ని మోస్తుంది. కాబట్టి 29.1 శాతం అన్న అంకెలో మనకు ప్రధానంగా కనిపించేది ఎదురుచూపు. హైదరాబాద్ అశోక్ నగర్‌లో గ్రూప్స్ కోసం, కృష్ణా జిల్లా అవనిగడ్డలో డీఎస్సీ కోసం ఏళ్ల తరబడి అద్దె గదుల్లో ఉండి చదువుతున్నవాళ్లు ఆ ఎదురుచూపులో ఉన్నవాళ్లే. 2018లో తెలంగాణలో 700 వీఆర్వో పోస్టులకు 10 లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. ఇంటర్ అర్హత చాలిన ఆ ఉద్యోగానికి పెద్ద పెద్ద డిగ్రీలు ఉన్నవాళ్లూ పోటీ పడ్డారు. వాళ్ల కష్టాన్ని, పట్టుదలను ఎవరూ తక్కువ చేయలేరు. అయితే 22 ఏళ్లకు పట్టా అందుకున్న మనిషి 27 ఏళ్లు వచ్చేదాకా చేతిలో మరే పనీ లేకుండా ఒక నోటిఫికేషన్ మీద ఆధారపడాల్సి రావడం ఆ మనిషికీ ఇంటికీ పెద్ద నష్టం.

ఈ పరిస్థితి ఊరికే రాలేదు. 1990ల చివర్లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు తెలుగు మధ్యతరగతి ఇళ్ల రాత మార్చాయి. ఆ తర్వాత 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించాక ఇంజినీరింగ్ చదువు పేదింటి గడప దాకా వచ్చింది. ఆ పథకం చేసిన మేలు చిన్నది కాదు. తాతతండ్రులు బడి మొహం చూడని ఇళ్ల నుంచి ఇంజినీర్లు వచ్చారు. దళిత, వెనుకబడిన వర్గాల పిల్లలు హైదరాబాద్ నుంచి అమెరికా దాకా వెళ్లారు. అయితే దాంతోపాటే కాలేజీలు పుట్టగొడుగుల్లా పెరిగి ఉమ్మడి రాష్ట్రంలో 700 దాకా చేరాయి. వాటిలో చాలావాటికి సరైన అధ్యాపకులు లేరు, ల్యాబులు లేవు. కొన్ని సీట్లు నిండక మూతపడ్డాయి. ఇప్పుడు సివిల్, మెకానికల్ సీట్లు తగ్గిపోయి కంప్యూటర్ సైన్స్ సీట్లు పోటెత్తుతున్నాయి. ఫీజు సర్కారు కడుతోంది కాబట్టి ఈ చదువుకు ఖర్చేమీ లేదని చాలామంది అనుకున్నారు. కట్టిన ఫీజు తిరిగొస్తుంది, గడిచిన నాలుగేళ్లు తిరిగిరావు. ఏ కాలేజీ, ఏ బ్రాంచి, బయటికొచ్చాక ఏం చేస్తాడు అన్న ప్రశ్నలు అడగకుండా సీటు దొరికిందని చేర్చిన ప్రతిచోటా ఆ నాలుగేళ్లే అసలు ఖర్చు.

ఎక్కే మెట్లు ఉన్నాయి

పని ముందు నేర్చుకుంటే జీవితాంతం అక్కడే ఆగిపోవాలన్నది చాలామంది తల్లిదండ్రుల భయం. ఒకప్పుడు ఆ భయంలో నిజం ఉంది. ఇప్పుడు లెక్క ఇలా ఉంది: పదో తరగతి తర్వాత ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరేళ్లు. అదే పిల్లవాడు పాలిసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరితే డిప్లొమా మూడేళ్లు. ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరితే ఇంకో మూడేళ్లు. అదీ ఆరేళ్లే. ఐటీఐలో ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ వంటి రెండేళ్ల ట్రేడు పాసైనవారికి డిప్లొమా రెండో ఏడాదిలో చేరే వీలుంది. తెలంగాణలో దానికి ఎల్‌పీసెట్ రాయాలి. అక్కడ రెండేళ్లు, ఈసెట్ తర్వాత మూడేళ్లు కలిపితే మొత్తం ఏడేళ్లు, అంటే మామూలు దారి కన్నా ఒక్క ఏడాదే ఎక్కువ. బీటెక్ అక్కర్లేదు, ఏదో ఒక డిగ్రీ ఉంటే చాలనుకుంటే దూరవిద్య ఉంది. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఉద్యోగం చేసుకుంటూనే అక్కడ డిగ్రీ చదివి, ఆ తర్వాత గ్రూప్స్ రాసుకోవచ్చు.

ఈ రెండు దారుల్లో అసలు తేడా మధ్యలో ఆగాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. ఇంటి పరిస్థితి బాగోక, లేదా సబ్జెక్టులు మిగిలిపోయి బీటెక్ మూడో ఏడాదిలో చదువు ఆగిందనుకోండి, ఆ పిల్లవాడి చేతిలో చాలాసార్లు ఇంటర్ సర్టిఫికెట్ తప్ప ఏమీ ఉండదు. ఐటీఐ తర్వాత ఆగినా, డిప్లొమా తర్వాత ఆగినా అన్నం పెట్టే పని ఒకటి ఉంటుంది. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, టెక్నీషియన్ పోస్టులకు, విద్యుత్ సంస్థల్లో లైన్‌మన్ పోస్టులకు, సింగరేణిలో ఫిట్టర్, ఎలక్ట్రీషియన్, వెల్డర్ కొలువులకు అడిగే అర్హత ఐటీఐ ట్రేడే. విశాఖ నేవల్ డాక్‌యార్డ్ అప్రెంటిస్ స్కూల్ ఐటీఐ పాసైనవారిని తీసుకుని శిక్షణ ఇస్తుంది. ఇక ఎదురు దిశలో ఆలోచించి చూడండి. 22 ఏళ్ల ఇంజినీరు వెల్డింగ్ నేర్చుకోవాలనుకుంటే పదహారేళ్ల పిల్లల పక్కన హెల్పర్‌గా నిలబడాలి, ఆ జీతంతో సరిపెట్టుకోవాలి, చుట్టాలకు సమాధానం చెప్పుకోవాలి. ఆ ధైర్యం చేసేవాళ్లు తక్కువ. అందుకే రెండూ కావాలనుకున్నా సరే, ఏది ముందు అన్నది తేల్చుకోవడం ముఖ్యం.

పనితనం ఎలా ఉంటుంది

చేతిపనికి బుర్రతో పనిలేదన్న అభిప్రాయం ఎంత తప్పో ఒక ఏసీ మరమ్మతు చూస్తే తెలుస్తుంది. ఏసీ చల్లగా రావడం లేదని ఫోన్ చేస్తే సగం నేర్చినవాడు వచ్చీ రాగానే గ్యాస్ అయిపోయిందని చెప్పి, సిలిండర్ తగిలించి నింపి, డబ్బు తీసుకుని వెళ్తాడు. రెండు నెలలకు మళ్లీ అదే ఇబ్బంది. ఏసీలో గ్యాస్ వాడకం వల్ల ఖర్చయ్యేది కాదు. మూసిన రాగి గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో లీకు ఉన్నట్టే. పని తెలిసినవాడు ముందు ఫిల్టర్లు, ఫ్యాను చూస్తాడు. క్లాంప్ మీటర్ తగిలించి కంప్రెసర్ ఎంత కరెంటు లాగుతోందో, కెపాసిటర్ బాగుందో లేదో తేలుస్తాడు. ఆ తర్వాతే గేజ్ పెట్టి ప్రెషర్ చూస్తాడు. లీకు అనుమానం వస్తే గొట్టాల్లో నైట్రోజన్ ఎక్కించి, అతుకుల దగ్గర సబ్బు నురగ రాసి, బుడగ ఎక్కడ లేస్తోందో కనిపెడతాడు. అక్కడ బ్రేజింగ్ చేసి, వాక్యూమ్ పంపుతో లోపలి గాలిని, తేమను పూర్తిగా లాగేసి, యూనిట్ ప్లేటు మీద రాసిన బరువు ప్రకారం గ్యాస్‌ను తూచి నింపుతాడు. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా వాడే ఆర్-32 గ్యాస్‌కు మండే గుణం ఉంది కాబట్టి మంట దగ్గర పెట్టేముందు ఏం చేయాలో, ఏం చేయకూడదో కూడా తెలిసుండాలి. ఇందులో భౌతికశాస్త్రం ఉంది, విద్యుత్ ఉంది, వరుస తప్పని ఆలోచన ఉంది. ఐటీఐలో రిఫ్రిజిరేషన్, ఏర్ కండిషనింగ్ ట్రేడుకు రెండేళ్లు పట్టేది అందుకే.

గల్ఫ్‌కు వెళ్లే మన వాళ్ల జీవితాల్లో ఈ తేడా ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. జగిత్యాల, నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల నుంచి, కోనసీమ, కడప ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా వేలాది మంది ఆ దేశాలకు వెళ్తున్నారు. ఏ పనీ చేతిలో లేకుండా కూలి వీసా మీద వెళ్లినవాడికి ఏజెంటుకు కట్టేందుకు చేసిన అప్పు తీర్చడానికే ఏళ్లు పడుతుంది. సిక్స్ జీ వెల్డర్‌గా వెళ్లినవాడికి రిఫైనరీల్లో, పైప్‌లైన్ పనుల్లో గిరాకీ వేరు. సిక్స్ జీ పరీక్షలో పైపును 45 డిగ్రీల ఏటవాలులో కదలకుండా బిగిస్తారు. పైపు తిరగదు, వెల్డరే దాని చుట్టూ తిరుగుతూ పైనుంచి, పక్కనుంచి, కిందినుంచి అతుకు వేయాలి. లోపలి అంచున వేసే మొదటి పొరలో సన్నని గాలిబుడగ మిగిలినా ఎక్స్‌రేలో దొరికిపోతుంది. ఆ అతుకు నెగ్గితే చాలు, చేసినవాడు ఏ ఊరివాడో, ఏ కాలేజీవాడో ఎవరూ అడగరు. ఇప్పుడు ఈ గిరాకీ గల్ఫ్‌తో ఆగడం లేదు. పని తెలిసిన భారతీయులకు ఏటా ఇచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని 2024 అక్టోబరులో జర్మనీ ప్రకటించింది. అక్కడికి వెళ్లాలంటే జర్మన్ భాష కూడా నేర్చుకోవాలి.

వినాల్సిన అభ్యంతరాలు

మొదటి అభ్యంతరం ఆదాయం గురించి. సగటున చూస్తే డిగ్రీ చదివినవారి సంపాదన చదవనివారి కన్నా ఎక్కువే కదా అంటారు. నిజమే. అయితే ఆ సగటులో ఐఐటీల్లో చదివినవారూ ఉన్నారు, ప్రభుత్వోద్యోగులూ ఉన్నారు, డిగ్రీ అరుదుగా ఉన్న రోజుల్లో పట్టా పుచ్చుకుని మంచి స్థానాలకు చేరినవారూ ఉన్నారు. పదహారేళ్ల పిల్లవాడి ముందున్నది ఆ సగటు కాదు. అతనికి వచ్చిన మార్కులతో, అతని ఇంటికి దగ్గర్లో, దొరికే ఒకానొక కాలేజీలో ఒకానొక సీటు. పోల్చాల్సింది ఆ సీటును. ఆ కాలేజీ నుంచి గత రెండేళ్లలో బయటికొచ్చినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు, ఎంత సంపాదిస్తున్నారు అని అడిగితే చాలాసార్లు జవాబు తేలిపోతుంది. మంచి కాలేజీలో మంచి బ్రాంచి వస్తే, చదవాలన్న ఇష్టం ఉంటే డిగ్రీకే వెళ్లాలి. రెండూ లేనప్పుడు సగటు అంకె ఎవరినీ కాపాడదు.

రెండో అభ్యంతరం ఇంకా లోతైనది, దాన్ని తేలిగ్గా తీసేయడానికి లేదు. మన ఊళ్లలో చేతిపని కులంతో ముడిపడి ఉంది. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి పనులు పుట్టుకతో వచ్చినవిగా, తక్కువవిగా చూసిన సమాజం మనది. చదువుకుని ఆ కట్టు తెంచుకుని బయటపడ్డ ఇళ్లకు ఇప్పుడు మళ్లీ పని నేర్చుకోమని చెబితే, మీ పిల్లలకు బీటెక్, మా పిల్లలకు ఐటీఐనా అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న న్యాయమైనది. దానికి జవాబు మాటల్లో ఉంటే సరిపోదు. ఈ సలహా పేదింటి పిల్లలకు మాత్రమే ఇచ్చేదైతే అది అన్యాయమే అవుతుంది. డబ్బున్న ఇంట్లో చదువు మీద ఆసక్తి లేని పిల్లవాడికీ ఇదే మాట చెప్పగలగాలి. పైచదువుకు వెళ్లే మెట్లు ఎప్పుడూ తెరిచే ఉండాలి. అంతకన్నా ముందు ప్రభుత్వాలు తమ చేతలు సరిచూసుకోవాలి. 2020లో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన వసతి దీవెన పథకంలో హాస్టల్, భోజనం ఖర్చులకు ఏటా డిగ్రీ, ఇంజినీరింగ్ విద్యార్థికి 20 వేల రూపాయలు, పాలిటెక్నిక్ విద్యార్థికి 15 వేలు, ఐటీఐ విద్యార్థికి 10 వేలు నిర్ణయించారు. ఐటీఐ పిల్లవాడి ఆకలి డిగ్రీ పిల్లవాడి ఆకలిలో సగమేమీ కాదు. ఎవరూ చెడు ఉద్దేశంతో రాయకపోయినా సమాజంలో ఉన్న ఎక్కువ తక్కువలే ఆ అంకెల్లోకి వచ్చి కూర్చున్నాయి. పెళ్లి సంబంధాల్లో పట్టా అడిగే అలవాటు కూడా ఆ ఎక్కువ తక్కువల నుంచే బలపడుతుంది.

మూడో అభ్యంతరం మన ఐటీఐల నాణ్యత. చాలాచోట్ల పాతకాలపు యంత్రాలు, ఖాళీగా ఉన్న ఇన్‌స్ట్రక్టర్ పోస్టులు, చేతితో పని చేయించకుండానే పాస్ చేసే ప్రైవేటు సంస్థలు ఉన్న మాట వాస్తవం. ఐటీఐలన్నీ మంచివని చెప్పడానికి ఎలా లేదో, ఇంజినీరింగ్ కాలేజీలన్నీ మంచివని చెప్పడానికీ అలాగే లేదు. రెండు చోట్లా ఎంచుకుని చేరాల్సిందే. మార్పు కూడా మొదలైంది. తెలంగాణలో 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చే పనికి 2024లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో శంకుస్థాపన జరిగింది. ఎన్ని యంత్రాలు తెచ్చినా అసలు నేర్పు ఫ్యాక్టరీలోనే వస్తుంది. 1961 నాటి అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో కనీసం 2.5 శాతం మేర అప్రెంటిస్‌లను తీసుకోవాలి. ఈ చట్టాన్ని గట్టిగా అమలు చేస్తే ఐటీఐ లోటు చాలావరకు తీరుతుంది. జర్మనీలో పిల్లలు వారంలో కొన్ని రోజులు కంపెనీలో పని చేస్తూ జీతం తీసుకుంటారు, మిగతా రోజులు వృత్తి పాఠశాలలో చదువుతారు. ఆ తర్వాత వృత్తి నిపుణులకు పెట్టే మైస్టర్ పరీక్ష నెగ్గినవారి అర్హతను ఆ దేశ విద్యార్హతల పట్టికలో బ్యాచిలర్ డిగ్రీతో సమానమైన ఆరో స్థాయిలో ఉంచారు. గౌరవాన్ని అధికారికంగా రాసిపెట్టడమంటే ఇదే.

శరీరం అరిగిపోతుంది, వయసు మళ్లాక ఎలా అన్నది నాలుగో మాట. వెల్డర్ కళ్లకు, ఎత్తుల మీద పనిచేసేవారి ప్రాణానికి ముప్పు ఉన్న మాట నిజం. చిన్న షాపుల్లో, సొంతంగా పనిచేసేవారికి పీఎఫ్, ఈఎస్ఐ అందవు. అందుకే పని నేర్వడాన్ని మొదటి మెట్టుగానే చూడాలి. పదేళ్లు పని చేశాక ఎలక్ట్రీషియన్ పర్మిట్, కాంట్రాక్టర్ లైసెన్సు తీసుకుని నలుగురికి పని ఇచ్చే స్థితికి, ఫిట్టర్ సూపర్‌వైజర్ స్థానానికి చేరాలి. పైచదువు మెట్లు అప్పుడే అక్కరకొస్తాయి. కృత్రిమ మేధ వల్ల అన్ని పనులూ పోతాయన్న భయం గురించి ఒక్క మాట చాలు: ఇప్పటికి ఆ ఒత్తిడి ముందుగా పడుతున్నది కంప్యూటర్ ముందు కూర్చుని చేసే పనుల మీదే. పాత గోడలో వైరు ఎక్కడ తెగిందో వెతికే పనిని యంత్రానికి అప్పగించడం అంత సులువు కాదు.

ఆడపిల్లల విషయం విడిగా చెప్పాలి. చాలా ఇళ్లలో డిగ్రీ ఆడపిల్లకు ఉద్యోగం ఇవ్వకపోయినా పెళ్లిని నాలుగేళ్లు వెనక్కి జరుపుతుంది, ఊరు దాటి బయటి ప్రపంచం చూపిస్తుంది. ఆ విలువ జీతం లెక్కలో కనపడదు, దాన్ని పోగొట్టుకోకూడదు. అలాగని ఐటీఐలో ఆడపిల్లలకు కుట్టుపని, కంప్యూటర్ ఆపరేటర్ ట్రేడులే సరిపోతాయనుకోవడమూ సరికాదు. ఎలక్ట్రానిక్స్, డ్రాఫ్ట్స్‌మన్, యంత్రాల ట్రేడుల్లో వారు రాణించలేకపోవడానికి కారణమేదీ లేదు. వారికి పాలిటెక్నిక్ దారి మరీ అనువైనది: మూడేళ్లలో చేతికి డిప్లొమా వస్తుంది, కోరుకుంటే అదే ఆరేళ్లకు బీటెక్ కూడా వస్తుంది.

చివరిగా తల్లిదండ్రులకు ఒక మనవి. ఈ ఏడాది సీటు కోసం తిరిగేముందు మూడు పనులు చేయండి. ఒకటి, ఈ డిగ్రీ పూర్తయ్యాక ఏం చేస్తావని పిల్లవాణ్ని అడగండి; స్పష్టమైన జవాబు వస్తే ఆ దారికి అడ్డు పడకండి. రెండు, చేర్చబోయే కాలేజీలో అయినా, ఐటీఐలో అయినా గత రెండు బ్యాచ్‌ల పిల్లలు ఎక్కడున్నారో కనుక్కోండి. మూడు, ఐటీఐ అయితే వర్క్‌షాప్‌లోకి స్వయంగా వెళ్లి చూడండి: యంత్రాలు నడుస్తున్నాయా, ఆ ట్రేడుకు ఇన్‌స్ట్రక్టర్ ఉన్నారా, కేంద్ర ప్రభుత్వ గుర్తింపు ఉందా, అప్రెంటిస్‌షిప్‌కు ఏ కంపెనీలు తీసుకుంటున్నాయి? జవాబులు బాగుంటే, చుట్టాలు ఏమంటారో అన్న సంకోచం పక్కనపెట్టి చేర్చండి. పట్టా కావాలంటే ఇరవై ఐదేళ్లకైనా తెచ్చుకోవచ్చు. పని నేర్చుకోవడానికి పదహారు, పదిహేడేళ్ల వయసుకు మించిన అదను లేదు.